గాజు గొంతు

కాకినాడలో కారు నేర్చుకోవాలనుకునే పిరికివాళ్లందరూ కేదార్ దగ్గరికే వచ్చేవారు. ధైర్యవంతులకు ఊళ్లో వేరే డ్రైవింగ్ స్కూళ్లు చాలానే ఉన్నాయి. అక్కడ నేర్పేవాళ్లు అరుస్తారు, నేర్చుకునేవాళ్లూ అరుస్తారు, ఏదో ఒకలా పని అయిపోతుంది. కేదార్ అరవడు. అరవలేడు కూడా. ఆయనది లోతైన బొంగురు గొంతు. ఎంత గట్టిగా మాట్లాడదామన్నా పక్క సీటు దాటి పోదు. "మెల్లగా వదలండి క్లచ్చి... ఇంకాస్త... ఆయ్, అంతేనండి" అని ఆయన అంటుంటే, ఎదురుగా లారీ వస్తున్నా సరే, స్టీరింగు మీద చేతులు వణకడం మానేసేవి.

ఆ పిరికివాళ్లలో డాక్టర్ సౌదామిని ఒకరు. స్వరపేటికల మీద పరిశోధన చేసే సంస్థకు ఆవిడే పెద్ద. కంటికి ఆనని పొరను సూదిమొనతో చీల్చగల మనిషి, గేరు మార్చమంటే మాత్రం కళ్లు మూసుకునేది. ఒకరోజు సరిగ్గా భానుగుడి సెంటర్లో, ఆకుపచ్చ సిగ్నలు పడ్డాక, బండి ఆపేసింది. వెనక హారన్లు మోతెక్కిపోయాయి. ఒక ఆటో అతను పక్కకొచ్చి ఆవిడ వంశాన్ని గుర్తుచేసుకుంటున్నాడు.

"వాళ్లకేం పనుండదండి, మోగిస్తారు. మీరు తాళం తిప్పండి" అన్నాడు కేదార్, ఇంట్లో కాఫీ కలుపుతున్నంత తాపీగా. ఆవిడ తిప్పింది. బండి కదిలింది.

ఆ కంగారు తీరడానికి ఇద్దరూ టీ కొట్టు దగ్గర ఆగారు. అక్కడొక పెద్దాయన కేదార్ మొహంలోకి పరీక్షగా చూసి, "బాబూ, మీరు మాస్టర్ కేదార్ కదండీ?" అన్నాడు. కేదార్ గ్లాసు అక్కడే పెట్టేసి, కారు తాళాలు వెతుక్కున్నాడు. అవి ఆయన చేతిలోనే ఉన్నాయి.

సౌదామినికి విషయం అప్పుడే తెలిసింది. తెలిసిన తరవాత ఆశ్చర్యపోవడం ఆవిడ వంతయింది. ఎందుకంటే ఆ క్యాసెట్టు వింటూ పెరిగిన లక్షలమందిలో ఆవిడా ఒకరు.

నలభై ఏళ్ల కిందట, పదేళ్ల మాస్టర్ కేదార్ పాడిన దేవుడి పాటల క్యాసెట్టు మోగని మైకు గోదావరి జిల్లాల్లో లేదు. గృహప్రవేశాలకు అదే, దసరా పందిళ్లలో అదే, తెల్లవారుజామున బయల్దేరే బస్సుల్లో అదే. అందులో చివరి పాట, అమ్మవారికి ఊయల పాట, పిల్లల్ని నిద్రపుచ్చడానికి కూడా వేసేవారు. దండలు, శాలువలు, కలెక్టరుగారి ఒళ్లో కూచున్న ఫొటో, అన్నీ ఆ వయసులోనే అయిపోయాయి. నాలుగేళ్లపాటు ఊరూరా కచేరీలు. పద్నాలుగో ఏట అమలాపురంలో దసరా పందిరిలో ఆ ఊయల పాట పాడుతుంటే, పై షడ్జం దగ్గర గొంతు చీలిపోయింది. ముందు జనం నవ్వారు. తరవాత పాపం అనుకున్నారు. ఆ తరవాత నిర్వాహకుడు ఒకాయన, పిల్లాడు వేదిక మీద కూచుని ఉండగానే, అదే మైకులో క్యాసెట్టు వేశాడు. జనం హాయిగా విన్నారు. చప్పట్లు కూడా కొట్టారు.

కేదార్ ఆ రోజు నుంచి పాడలేదు. ఇంట్లో ఒంటరిగా రెండు మూడుసార్లు ఎత్తుకున్నాడు, పై స్థాయికి వెళ్లేసరికి గొంతు ఆరిపోయింది, మానేశాడు. అంతమాత్రాన ఏడుస్తూ కూచున్నాడని కాదు. బతుకు బాగానే సాగింది. సొంత కారు, సొంత స్కూలు, నవ్వించే భార్య, సాయంత్రం సముద్రపు గాలి. ఆయన్ని చూసి జాలిపడేవాళ్లకు చివరికి మిరపకాయ బజ్జీలు తినిపించి పంపేవాడు. కానీ పెళ్లిళ్లలో ఎవరైనా "ఒక్క పాట" అంటే మాత్రం, ఆ పిల్లాడి సొత్తు తను ఎక్కడో పారేసుకున్నట్టు అనిపించేది.

"మాస్టారూ, మీ చిన్నప్పటి గొంతు మీకు మళ్లీ ఇస్తే తీసుకుంటారా?" అని ఒకరోజు సముద్రం ఒడ్డు రోడ్డు మీద, మూడో గేరులో వెళుతూ అడిగింది సౌదామిని.

ఎంత కంగారుపడ్డాడో గానీ, పాతికేళ్ల ఉద్యోగంలో మొదటిసారి కేదార్ అనవసరంగా తన వైపు బ్రేకు నొక్కేశాడు.

* * *

సౌదామిని కనిపెట్టింది చెప్పడానికి చిన్న సంగతే. గొంతులోంచి నువ్వుగింజలో సగమంత కండ తీసి, ఆ కణాలను ఒక ద్రవంలో పెంచితే, అవి తమ వయసు మరిచిపోతూ వెనక్కి నడుస్తాయి. అనుకున్న ఏడు దగ్గర వాటిని ఆపడమే ఆవిడ నేర్చిన విద్య. క్యాన్సరుతోనో ప్రమాదంలోనో గొంతు పోగొట్టుకున్నవాళ్లకు వాళ్ల గొంతే మళ్లీ పెంచి ఇవ్వాలని పదకొండేళ్ల నుంచి తంటాలు పడుతోంది. అనుమతి ఇవ్వాల్సిన పెద్దలు ఒకటే పట్టు పట్టారు. పెంచిన గొంతూ, ఆ మనిషి ఒకప్పటి గొంతూ ఒకటేనని చూపించమన్నారు.

"ఒకప్పటి గొంతు ఎవరు దాచుకుంటారండీ? మీదొక్కటే క్యాసెట్టులో జనం దగ్గర ఉంది, అంతే" అంది.

రెండు మెట్లు. మొదటిది, గాజుపెట్టెలో పెంచిన గొంతుతో పాడించి క్యాసెట్టుతో పోల్చడం. అది కుదిరితే రెండోది, ఆ పొరలను కేదార్ గొంతులో అమర్చడం. అమర్చాలంటే ఇప్పుడున్న పొరలు తీసెయ్యాలి. తీసేస్తే ఇప్పటి గొంతు తిరిగి రాదు. ఆ సంగతి సౌదామిని దాచలేదు, మూడుసార్లు చెప్పింది.

కేదార్ ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. హైమవతి కూర తరుగుతూ విన్నది, కత్తిపీట పక్కకు జరిపింది.

"అంటే యాభై ఏళ్ల మనిషి మొహంలోంచి పదేళ్ల పిల్లాడు మాట్లాడతాడన్నమాట."

"మాట్లాడటం కాదు హైమా. పాడటం."

"మాట్లాడటానికి ఇంకోటి పెడతారా ఏంటి?"

కేదార్ తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తసాగాడు.

"మీ ఇష్టమండి. మీరు ఇన్నేళ్లూ లోపల పెట్టుకుని నలిగింది నాకు తెలీదనుకోకండి. కాదంటే రేపు ఆ మాట నా మీదుంటుంది" అంది హైమవతి. కత్తిపీట మళ్లీ ముందుకు లాక్కుని, "కానీ ఆ గొంతుతో నన్ను మాత్రం పిలవకండి. నేను ఆ అబ్బాయిని చేసుకోలేదు" అంది. నవ్వుతూనే అంది, కానీ ఆ పూట కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది.

* * *

కేదార్ సరేనని ఇచ్చిన కండలోంచి గొంతు పెరిగింది. గాజుపెట్టెలో దాన్ని చూడ్డానికి ఏమీ ఉండదు. లేత గులాబీ రంగులో రెండు సన్నటి పొరలు, కింద గాలి ఊదే గొట్టం, పైన మనిషి నోటిలోపలి ఆకారంలో పోతపోసిన చిన్న గది. కేదార్ మెడకు ఒక పట్టీ కట్టారు. ఆయన లోపల్లోపల పాడుకుంటే గొంతు కండరాలు ఎలా బిగుస్తాయో ఆ పట్టీ పసిగట్టి, పెట్టెలో పొరలను అలాగే బిగిస్తుంది.

"శబ్దం మాత్రం బయటికి రాకూడదు మాస్టారూ. మీరు అనుకోండి చాలు, అది పాడుతుంది" అంది సౌదామిని.

కేదార్ లోపల్లోపల కింది షడ్జం అనుకున్నాడు. పెట్టెలోంచి ఒక పిల్లాడు పలికాడు.

 ఆ పిల్లాడు ఆయనకు తెలుసు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ, చెరుకుగడ నములుతూ, స్నానాల గదిలో ఇత్తడి బిందె మీద తాళం వేస్తూ పాడుకున్నవాడు. పాతికేళ్లుగా ఎవరికో బ్రేకు ఎప్పుడు నొక్కాలో చెబుతున్న పెద్దమనిషి కుర్చీలో కూలబడి, చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. సంతోషం అంటే అదీ.

కానీ సౌదామిని మొహం తేట పడలేదు. కంప్యూటరు తెర మీద రెండు గీతలున్నాయి, ఒకటి క్యాసెట్టుది, ఒకటి పెట్టెది. అవి కలవడం లేదు. క్యాసెట్టులో పిల్లాడు ఆరు శ్రుతిలో పాడాడు. పెట్టెలో గొంతు ఐదు శ్రుతిలో, అంటే హార్మోనియం మీద ఒక మెట్టు కింద, హాయిగా తిరుగుతోంది. ఆరుకు లాగితే పై షడ్జం దగ్గర కీచుమంటోంది. గొంతులోని మెరుపు కూడా తేడాగా ఉంది, క్యాసెట్టులోది ఇంకా సన్నం.

"ఇంకాస్త వెనక్కి వెళ్లలేదన్నమాట. పదేళ్లకు తెచ్చాననుకున్నాను, పన్నెండు దగ్గరే ఆగిపోయినట్టుంది" అంది. "కంగారుపడకండి, ఇంకో బ్యాచి పెడదాం."

కేదార్ ఇంటికొచ్చాడు. ఆ వారమంతా పాఠాలు చెబుతూనే ఉన్నాడు గానీ, ధ్యాస గాజుపెట్టె మీదే. హైమవతి రెండు పనులు చెబితే ఒకటి మరిచిపోయేవాడు. కారు రేడియేటరులో నీళ్లకు బదులు మజ్జిగ పోసేసేలా ఉన్నాడని ఆవిడ పక్కింటావిడతో అంది.

రెండో బ్యాచి ఇంకా లేత గొంతు. ఎనిమిదేళ్లదో, ఏడేళ్లదో. ఐదు శ్రుతిలో బొమ్మలా పలికింది గానీ బలం లేదు. సౌదామిని దాన్ని ఆరుకు బిగించింది. గీతలు దగ్గరికొచ్చాయి. ఇంకొంచెం బిగించింది. ఇంకొంచెం దగ్గరికొచ్చాయి.

"మాస్టారూ, ఆ పై షడ్జం ఇంకోసారి. దాదాపు కలిసిపోయింది. ఇంకోసారి."

కేదార్ లోపల్లోపల ఎత్తుకున్నాడు. పెట్టెలో పిల్లాడు పైకి పాకి, ఒక్కసారి చీలిపోయాడు. పొరల్లో ఒకటి అంచు దగ్గర చిరిగి, గాలికి టపటపా కొట్టుకుంది. సౌదామిని పరిగెత్తి గాలి ఆపేసింది.

ఆ చప్పుడు కేదార్ ఎరుగును. అమలాపురంలో విన్నాడు.

"ఆపేద్దామండి" అన్నాడు.

"లేదు మాస్టారూ, ఇంకో బ్యాచి..."

"ఎన్ని పెట్టినా ఇంతేనండి. చిన్నప్పుడూ ఇలాగే చేసేవాళ్లు. మా గురువుగారు పేరిశాస్త్రిగారు కచేరీకి ముందు టేప్‌రికార్డరులో క్యాసెట్టు వేసి, దానికి శ్రుతిపెట్టె కలిపేవారు. జనం క్యాసెట్టులో లాగే కావాలంటారు కదండీ. నాకు అందేది కాదు. అందలేదంటే సాధన చాల్లేదనేవారు. నాలుగేళ్లు రోజూ అందుకోవాలని చూస్తూనే ఉన్నాను. మీరూ ఇప్పుడు అదే చేస్తున్నారు."

సౌదామిని చిరిగిన పొర వైపు చూసింది. తరవాత ఆయన వైపు చూసింది. "మరి క్యాసెట్టులో ఎలా అందిందండీ?"

ఆ ప్రశ్న నలభై ఏళ్లలో ఎవరూ అడగలేదు. కేదార్ కూడా తనను తాను అడగలేదు. ఆ రోజు స్టూడియోలో తను బాగా పాడాడనీ, తరవాత మళ్లీ ఎప్పుడూ అంత బాగా పాడలేకపోయాడనీ నమ్మేశాడంతే.

* * *

"ఆ క్యాసెట్టు మొదట్నుంచి వెయ్యండి" అన్నాడు కేదార్. అమలాపురం తరవాత ఆయన దాన్ని వినలేదు. ఎక్కడ మోగినా లేచి వెళ్లిపోయేవాడు. పరిశోధన కోసం సౌదామిని కూడా ఊయల పాట ఒక్కటే కత్తిరించి వాడుకుంది.

మొదట్లో పిల్లాణ్ణి పరిచయం చేస్తూ పేరిశాస్త్రిగారి నాలుగు మాటలున్నాయి. కేదార్ చేతులు కట్టుకుని, పాఠానికి కూచున్నట్టు కూచున్నాడు. మాటలు మొదలయ్యాయి. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవరండీ ఇది?"

"మీ గురువుగారే కదా? పేరు కూడా చెబుతున్నారు."

"మా గురువుగారు పిలిస్తే వీధి చివర పాలవాడు ఆగిపోయేవాడండి. అంత బరువు గొంతు. ఇదేంటి, ఎవరో కుర్రాడు గబగబా అప్పజెప్పినట్టుంది!"

"ఆయనప్పుడు ఏమీ అనలేదా?"

"టేపులో తన గొంతు తనకు ఎవరికి నచ్చుతుందండీ? అందరూ ఇది నాది కాదనే అంటారు. ఆయనా అన్నారు. మేం నవ్వాం."

సౌదామిని తెర వైపు తిరిగింది. పాటకూ పాటకూ మధ్య ఖాళీని పట్టుకుని, దాని శబ్దం బాగా పెంచి వింది. పాత రికార్డింగుల వెనక కరెంటు సన్నగా గుయ్‌మంటూ ఉంటుంది. మన దేశంలో ఎక్కడైనా ఆ మోత సెకనుకు యాభై కదలికలు. ఇక్కడ యాభై ఆరు ఉంది.

"కరెంటు పరిగెత్తదు మాస్టారూ" అంది నెమ్మదిగా. "టేపు పరిగెత్తింది."

ఎందుకు పరిగెత్తిందో తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. కరెంటు మోత యాభైకి వచ్చేలా టేపు వేగం తగ్గిస్తే, పాటలన్నీ కలిపి ఒక వైపు పట్టాల్సిన అరగంట దాటి మూడున్నర నిమిషాలు ఎక్కువయ్యాయి. ఊయల పాట ఆ చివర్న ఉంది. క్యాసెట్టు కంపెనీలో ఎవరో దాన్ని కొయ్యడానికి మనసొప్పక, కాపీలు తీసే యంత్రం మోటారు వేగం పెంచి ఇరికించేశాడు. పాటను బతికించిన ఆ మహానుభావుడెవరో గానీ, పాపం, పిల్లాడి సంగతి ఆలోచించలేదు.

తగ్గించిన వేగంలో సౌదామిని మళ్లీ మొదటినుంచి వేసింది.

"ఈ చిరంజీవి కేదారుడు..." అని పేరిశాస్త్రిగారు నిదానంగా, గది నిండా, నూతిలోంచి చేద లాగుతున్నంత బరువుగా మొదలుపెట్టారు. పోయి ఇరవై ఏళ్లయిన మనిషి. కేదార్ తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. ఆ తరవాత పిల్లాడు ఎత్తుకున్నాడు. ఐదు శ్రుతిలో, ఏ తొందరా లేకుండా, గుండ్రంగా. తెర మీద ఆ గీతా, మొట్టమొదటి గాజుగొంతు గీతా ఒకదాని మీద ఒకటి వచ్చి కూచున్నాయి. ఇంక రెండు గీతలని చెప్పడానికి లేదు.

సౌదామిని రెండు చేతులతో మొహం కప్పుకుంది. మొదటిరోజే సాధించిన దాన్ని తప్పనుకుని ఇన్నాళ్లూ దిద్దుతోంది ఆవిడ. నవ్వుతోందో ఏడుస్తోందో కేదార్‌కు అర్థం కాలేదు. ఆయనకూ తన సంగతి అర్థం కాలేదు. తను పోగొట్టుకున్నాననుకున్న గొంతు అసలు ఏ మనిషికీ ఎప్పుడూ లేదు. ఒక మోటారుకు ఉండేది.

* * *

అనుమతి ఇవ్వాల్సిన పెద్దలు ఒప్పుకున్నారు. సౌదామిని దగ్గర వరసలో ఉన్న రోగులకు కబుర్లు వెళ్లాయి. ఇంక కేదార్ సంగతి తేలాలి. మొదటి గాజుగొంతు ఇంకా బతికే ఉంది, ఈ నెలలోపు అమర్చకపోతే పనికిరాదు. జవాబు చెప్పడానికి వెళుతూ కేదార్ హైమవతిని కూడా తీసుకెళ్లాడు.  

"ఇప్పుడిది నూటికి నూరుపాళ్లు మీ గొంతు మాస్టారూ" అంది సౌదామిని. "క్యాసెట్టుది కాదు, మీదే. చెప్పండి."

"చెబుతానండి. ముందొకసారి పట్టీ కట్టండి. శ్రుతిపెట్టె ఐదులో పెట్టండి."

కేదార్ కళ్లు మూసుకుని ఊయల పాట అనుకున్నాడు. పెట్టెలో పిల్లాడు అందుకున్నాడు. పల్లవి వెళ్లింది, చరణం వెళ్లింది. పై షడ్జం దగ్గరికి వచ్చేసరికి హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆ అమలాపురం కథ ఆవిడకు తెలుసు కాబట్టి. పిల్లాడు ఆ షడ్జం మీదికి నడిచి వెళ్లాడు. అక్కడ కాసేపు నిలబడ్డాడు కూడా. దిగి వచ్చాడు.

రెండో చరణంలో ఇంకో గొంతు కలిసింది. బొంగురుది, లోతుది. సౌదామిని శబ్దం రాకూడదని చెయ్యెత్తబోయి, ఎత్తిన చెయ్యి అలాగే దించేసింది. కేదార్‌కు తను పాడుతున్నట్టు తెలియలేదు. పిల్లాడు పైన, ఆయన ఒక స్థాయి కింద, ఇద్దరూ ఒకటే ఐదు శ్రుతి. ఎక్కడా ఒకరి కోసం ఒకరు ఆగలేదు, లాక్కోలేదు. ఆరు అందుకోబోయి అందుకోబోయి ఆరిపోయిన గొంతుకు, ఐదులో చోటు ఇన్నేళ్లూ ఖాళీగానే ఉందని అప్పుడు తెలిసింది.

పాట అయిపోయింది. కేదార్ గాజుపెట్టె మీద అరచెయ్యి ఆనించాడు.

"నువ్వు బాగానే పాడావురా" అన్నాడు. "నీ తప్పేం లేదు."

పిల్లాడు బదులు చెప్పలేదు. ఆయన అనుకుంటేనే కదా వాడు పలికేది.

"డాక్టర్ గారూ, ఈ పొరలు మీ పరిశోధనకి ఏమన్నా పనికొస్తే వాడుకోండి. నాకు వద్దండి. వాడు బాగున్నాడని తెలిసింది, అది చాలు" అన్నాడు. "అయినా నా గొంతు తీసేస్తే మీకు రివర్సు ఎవరు నేర్పుతారండీ?"

సౌదామిని నవ్వేసింది, కళ్లు తుడుచుకుంటూనే. హైమవతి మాత్రం నవ్వలేదు. విసవిసా వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది. 

"పెళ్లయి ఇరవై మూడేళ్లు. ఇదంతా ఇంట్లోనే పెట్టుకుని నన్ను టీవీలో పాటలు వినమన్నారా?"

"నాకూ తెలీదు హైమా."

"ఇంకోసారి పాడండి" అంది. "ఆ అబ్బాయి వద్దు. మీరు పాడండి."

సౌదామిని గాజుపెట్టెకు గాలి ఆపేసింది. కేదార్ మెడ మీద పట్టీ తీసి బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.